చక్రాలు పెట్టు బిడ్డా, కాళ్లు మర్వకు

బిడ్డా, నీ మడిగె చూసి సంబురమైంది. పెర్కిట్ దిక్కు రెండు షటర్ల మడిగె కిరాయికి పట్టి, సెకండుహ్యాండువే అయినా మంచి మిషన్లు సంపాయించినవు. కట్టె కోసే టేబుల్ మిషను, రంద మిషను, నిలువు డ్రిల్లు, వెల్డింగు మిషను, కటింగు మిషను, గ్రైండరు, మూలకు చిన్న లేతు. ఇనుము పని, కట్టె పని రెండూ ఒక్క కప్పు కింద చేస్తనన్నవు. ఆ ధైర్యాన్ని మెచ్చుకుంటున్న. కాని మిషన్లన్నీ గోడకు ఆనిచ్చి, ఆటోల నుంచి ఎక్కడ దించినరో అక్కడనే వదిలినవు. నడుమ మిగిలింది ఒక మంచం పట్టే జాగ. ఎనిమిదడుగుల పలక కోద్దామంటే డ్రిల్లు అడ్డం. డ్రిల్లు జరుపుదామంటే ఇద్దరు పిల్లగాళ్లు దాని తలకాయ పట్టుకొని, అటొక మూల ఇటొక మూల లేపుకుంట నడిపిస్తున్నరు. ఆ నడిపించుడు చూసినంక ఈ మాటలు రాయకుండ ఉండలేకపోయిన.

మన ఆర్మూర్ల పని ఏడాదంత ఒక్క తీరుగ ఉండదు. సంక్రాంతి వచ్చిందంటే పసుపు తవ్వుడు జోరందుకుంటది. తవ్వుడు, వండుడు, కల్లంల ఆరబెట్టుడు, డ్రమ్ముల ఏసి మెరుగు పెట్టుడు, కొమ్ము ఒక దిక్కు మండ ఒక దిక్కు ఏరుడు, నిజామాబాద్ యార్డుకు తోలుడు. ఆ మూడు నాలుగు నెలలు నీ మడిగె ముంగట బాయిలరు బండ్లు, పాలిష్ డ్రమ్ములు, తెగిన చైన్లు, అరిగిన బేరింగులు వరుస కడ్తయి. అప్పుడు నీకు కావాల్సింది ముంగటి జాగ, వెల్డింగు, కటింగు. కట్టె మిషన్లు ఎనుకకు పోవాలె. వానలకు ముందు కల్టివేటర్లు, కేజ్ వీల్స్ వస్తయి. పెండ్లిళ్లు మొదలైతే మంచాలు, కొత్త ఇండ్లు లేస్తే దర్వాజాలు, కిటికీలు. అప్పుడు కట్టె మిషను నడుమకు రావాలె, వెల్డింగు బయటికి పోవాలె. రంపపు పొట్టు ఉన్నకాడ వెల్డింగు రవ్వ పడితే ఏమయితదో నీకు తెలుసు. ఒక్క మడిగె ఏడాదిల మూడు తీర్ల సర్దుకోవాలె.

పైగ ఇప్పుడు పసుపు మీద ఊరందరికీ ఆశ పుట్టింది. 2023 అక్టోబర్ 1 నాడు మహబూబ్‌నగర్ సభల ప్రధానమంత్రి జాతీయ పసుపు బోర్డు ప్రకటించిండు. 2025 జనవరి 14న, సంక్రాంతి పూటనే, నిజామాబాద్ కేంద్రంగ అది మొదలైంది. పసుపు మిషన్ల పని పెరుగుతదనే కదా నువ్వు ఈ మడిగె పట్టింది. పెరగాలనే నేను కూడా కోరుకుంటున్న. కాని పని పెరిగితే మడిగె పెరగదు, కిరాయి పెరుగుతది. ఉన్న జాగనే తిప్పుకొని వాడుకోవాలె. అందుకే మిషన్ల కింద చక్రాలు పెట్టుమంటున్న. ఎట్ల పెట్టాలెనో కూడా వివరంగ చెప్తున్న, ఎందుకంటె చక్రాలు పెట్టుడు సులువు, మంచిగ పెట్టుడు సులువు కాదు.

ముందుగల పసుపు బాయిలరునే చూడు. నా చిన్నప్పుడు పసుపు వండుడంటే చేను పక్కపొంటి పొయ్యి తవ్వి, పెద్ద కడాయి పెట్టి, నీళ్లు పోసి, మీద ఆకులూ గోనెపట్టాలూ కప్పి ఉడకబెట్టుడు. పసుపునంత మోసుకొని కడాయి కాడికి పోవాలె. ఇయ్యాల బాయిలరే చేను కాడికి వస్తది. చక్రాల బండి మీద నీళ్ల ట్యాంకు, కింద పొయ్యి, పక్కన డ్రమ్ములు, వాటిలకు ఆవిరి పైపులు. ట్రాక్టరు గుంజుకపోయి ఒక రైతు కాడ పని అయినంక ఇంకో రైతు కాడ నిలబెడ్తది. టన్నుల బరువు ఊరూరు తిరుగుతున్నదంటే అది చక్రాల పుణ్యమే.

అయితే ఆ బాయిలరు నడిపేటాయన బండి చేన్ల ఆగంగనే పొయ్యి ముట్టిస్తడా? ముట్టియ్యడు. ముందు చదును జాగ చూస్తడు. చక్రాలకు ముందూ ఎనుకా రాళ్లు పెడ్తడు. బండి ముంగటి జాకీ కాలు దించుతడు. కాలు మెత్తటి మట్టిల దిగకుండ కింద చెక్క ఏస్తడు. బండి ఊగుతలేదని చేత్తో నూకి చూసినంకనే నిప్పు. ఎందుకంటె ఉడికిన పసుపు నిండిన డ్రమ్మును వంచేటప్పుడు బండి ఒక్క అంగుళం జరిగినా మనిషి కాలుతడు. నేను నీకు చెప్పదలుచుకున్నది ఇదే. పోయేటప్పుడు మిషను చక్రాల మీద పోవాలె, పని చేసేటప్పుడు కాళ్ల మీద నిలవాలె. నీ మడిగెల ఏ మిషనుకు చక్రాలు బిగించినా ఈ రెండూ ఉన్నయా లేవా అని చూసుకో. మొదటిది ఒక్కటే ఉంటే ఆ చక్రాలు పీకి పారెయ్.

బరువు సంగతి కూడా చెప్త. ఇప్పుడు నీకు వయసున్నది, ఏదైనా లేపుతవు. యార్డుల మన హమాలీలను చూడు. ఒకప్పుడు బస్తా మీద బస్తా ఎత్తినోళ్లే నడివయసుకు మోకాళ్లు పట్టుకొని కూసుంటున్నరు. మనిషి మోసే బరువుకు హద్దుండాలెనని ప్రపంచమంత మాట్లాడుకున్నరు బిడ్డా. 1967ల అంతర్జాతీయ కార్మిక సంస్థ, మొగమనిషి ఒక్కడు చేతులతోని మోసే బరువు 55 కిలోలు దాటొద్దని సిఫారసు చేసింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టంల 34వ సెక్షను కూడా మనిషికి గాయమయ్యేటంత బరువు మోయించొద్దనే చెప్పింది. నీది ఫ్యాక్టరీ కాదు, నిన్ను తనిఖీ చేసేటందుకు ఎవ్వరూ రారు. అందుకే ఆ తనిఖీ నువ్వే చేసుకోవాలె. నీ దగ్గర పని చేసే పిల్లగాళ్ల నడుము నీ జిమ్మ.

అన్ని మిషన్లకూ చక్రాలు పెట్టొద్దు. లేతును ముట్టకు. లేతు బెడ్డు పొడుగ్గ ఉంటది. కింద ఆధారం ఒక మూల కొంచెం ఎత్తు ఒక మూల కొంచెం పల్లమైతే బెడ్డు కంటికి కనపడనంత మెలిక పడ్తది, అప్పుడు నువ్వు తీసే షాఫ్టు ఒక కొస సన్నం ఒక కొస లావు వస్తది. అది ఒక్కతాన కూసొని, రసమట్టం పట్టి, పునాది బోల్టులతోని బిగించి ఉండాల్సిన మిషను. రేపు పవర్ ప్రెస్సు కొన్నా అంతే. దెబ్బ కొట్టే మిషనుకు చక్రాలుండొద్దు. లేతును మూలకు పెట్టినవు, మంచి పని చేసినవు, అక్కడనే ఉండనియ్. వెల్డింగు మిషనుకు కంపెనీవాళ్లే చక్రాలు ఇచ్చిండ్రు. గ్రైండరు స్టాండుకు బరువు తక్కువ. ఇగ మిగిలింది టేబుల్ మిషను, రంద మిషను, డ్రిల్లు, కటింగు మిషను పెట్టే బల్ల. ఈ నాలుగింటికి చేసుకుంటె నీ మడిగె సగం పెద్దదైనట్టే.

చక్రాలు కొనేటప్పుడు దుకాణంల మెరిసేవి చూసి మోసపోకు. ముందు మిషను బరువు తెలుసుకో. ప్లేటు మీద రాసి ఉండకపోతే అమ్మినాయనను అడుగు, లేదంటె ఆటోల ఏసి కాంట మీద ఎక్కించు. నీ టేబుల్ మిషను 180 కిలోలనుకుందాం. దాని మీద ఏసే దర్వాజా చెక్క ఇంకో 60. మొత్తం 240. నాలుగు చక్రాలు కాబట్టి ఒక్కోదాని మీద 60 పడ్తదని లెక్కేసుకోకు. నేల ఎగుడుదిగుడున్నప్పుడు ఒక చక్రం గాలిల ఉంటది, బరువంత మూడే మోస్తయి. అందుకే ఎప్పుడైనా మూడుతోని భాగించు. 80 వచ్చింది. గడప దాటంగ ఎత్తేసే దెబ్బకు ఇంకింత కలుపుకొని, ఒక్కో చక్రం 125 కిలోలు మోసేది తీసుకో. ధర కొంచెం ఎక్కువైతది, కానియ్.

చక్రం ఎంత పెద్దదైతే అంత సులువుగ దొర్లుతది. రెండంగుళాల చక్రం ముంగట ఇనుప చీలిక ఒకటి పడ్డా ఆగిపోతది. ఆగిందని నువ్వు బలంగ నూకుతవు, చక్రం ఆగి మిషను తలకాయ ముందుకు పోతది. బోల్తాలన్నీ అయ్యేది గిట్లనే. నాలుగంగుళాలకు తక్కువ పెట్టకు.

నీ మడిగెల సగం షాబాదు బండలు, సగం సిమెంటు. పోత ఇనుప చక్రాలు ఎంత బరువైనా మోస్తయి గాని బండలను పగులగొడ్తయి, అతుకుల కాడ టకటకమని మిషనును అదరగొడ్తయి. రబ్బరు చక్రం మెత్తగ పోతది, చప్పుడుండదు. కాని బరువు మీద నెలల తరబడి ఒక్కతీరుగ నిలబెడితే కింద చపటైతది, ఆ తర్వాత దొర్లేటప్పుడు కుంటుకుంట పోతది. నైలాను గట్టిది, సులువుగ దొర్లుతది, నున్నటి సిమెంటు మీద బాగుంటది. నీ నేలకు పాలీయురేథేన్ చక్రాలు సరిపోతయి. బండను పగలగొట్టవు, తొందరగ చపటు కావు. ఒక్కటే పైలం. డ్రిల్లు కింద రాలే ఇనుప చీలికలు దాంట్ల గుచ్చుకుంటయి. మిషను జరిపే ముందు నేల ఊడ్చుకునే అలవాటు చేసుకో.

నాలుగు చక్రాలూ అన్ని దిక్కులకు తిరిగేవి పెడ్తే మూలకు సర్దుడు సులువే గాని, పొడుగున నూకేటప్పుడు మిషను చెప్పినట్టు వినదు. రెండు నిలకడ చక్రాలు ఒక దిక్కు, రెండు తిరిగేవి నువ్వు పట్టుకొని నూకే దిక్కు పెట్టు. తిరిగే చక్రం సంగతిల ఇంకొకటి ఉన్నది. అది నేలకు తాకే చోటు దాని నిలువు బోల్టు కింద ఉండదు, ఒక అంగుళం అంగుళమున్నర పక్కకు ఉంటది. ముందుకు నూకి ఆపినప్పుడు చక్రం ఒక తీరుగ ఉంటది, ఎనుకకు గుంజితే తిరిగి లోపటికి వస్తది. అంటే మిషను నిలబడ్డ కొలత ఆ మేరకు కురచ అయితది. ఫ్రేము వెడల్పు కొలిచేటప్పుడు చక్రం లోపటికి తిరిగి ఉన్నప్పటి కొలతనే లెక్కకు తీసుకో.

ఇగ ఫ్రేము. మన దిక్కు చానమంది చేసే పని ఒకటున్నది. నాలుగు చక్రాలు తెచ్చి మిషను కాళ్ల కిందనే నేరుగ వెల్డింగు చేస్తరు. నాలుగంగుళాల చక్రం దాని తొడుగుతోని కలిపి అయిదంగుళాలు దాటుతది. అంతెత్తు లేచిన టేబుల్ మిషను మీద చెక్క నూకుతుంటె భుజాలు పైకి లేస్తయి, కన్ను రంపం బిళ్లకు దగ్గరైతది, చెయ్యి మీద పట్టు తప్పుతది. ఎత్తు పెరిగిన కొద్దీ మిషను పడిపోయే గుణం కూడ పెరుగుతది. నువ్వు అట్ల చెయ్యకు. చక్రాలను మిషను కింద కాదు, పక్కన పెట్టు. 50కి 50, 6 ఎంఎం మందం యాంగిలర్‌తోని మిషను అడుగు పట్టేటంత చట్రం చెయ్. మీటరుకు నాలుగున్నర కిలోలుంటది, మొత్తం చట్రం పదిహేను ఇరవై కిలోలు దాటదు. మిషను ఆ చట్రం లోపట, యాంగిలర్ అంచు మీద కూసుంటది. నాలుగు మూలల కాడ చట్రం నుంచి పైకి లేపి బయటికి చిన్న చెవులు తీసి, ఆ చెవుల కింద చక్రాలు బిగించు. అప్పుడు చట్రం అడుగుకూ నేలకూ నడుమ అర అంగుళమే ఉంటది. మిషను ఎత్తు పెద్దగ మారదు, నిలబడే వెడల్పు మాత్రం పెరుగుతది. రెండు లాభాలు.

చట్రాన్ని ఒక్కసారే వెల్డింగు చేసెయ్యకు. మూలలకు గుణియా పెట్టి చుక్కలు కొట్టు. ఈ మూల నుంచి దాని ఎదురు మూలకు, మిగిలిన రెండు మూలల నడుమ కూడ, రెండు దిక్కులా టేపు పట్టి చూడు. రెండు కొలతలూ ఒక్కటే వస్తే చట్రం సక్కగున్నట్టు. ఆ తర్వాతనే ఎదురెదురు మూలలు మార్చుకుంట పూర్తి వెల్డింగు పెట్టు. ఒక్క దిక్కే పెట్టుకుంట పోతే వేడికి చట్రం గుంజుకపోతది, నాలుగు మూలలు ఒక్క మట్టానికి రావు. చక్రాలను మాత్రం వెల్డింగు చెయ్యకు, బోల్టులతోనే బిగించు. వేడికి పాలీయురేథేన్ కరుగుతది, లోపటి గ్రీజు కాలిపోతది. రేపు అరిగినప్పుడు విప్పి మార్చుకునేటట్టు కూడ ఉండాలె.

ఇప్పుడు అసలు మాట, కాళ్లు. బ్రేకు ఉన్న చక్రాలు దొరుకుతయి కదా, పెడల్ తొక్కితే చాలదా అంటవు. చాలదు బిడ్డా. మామూలు బ్రేకు చక్రం దొర్లకుండ ఆపుతది గాని, అది నిలువు బోల్టు చుట్టు తిరగకుండ ఆపదు. రెండూ ఆపే బ్రేకులు కూడ ఉన్నయి, ధర ఎక్కువ. అవి పెట్టినా చక్రం మెత్తదనం మెత్తదనమే. రంద మిషను తిరిగేటప్పుడు ఆ సన్న వణుకు చక్రాల మీద పెరుగుతది, చెక్క మీద గీతలు గీతలుగ కనపడ్తది. టేబుల్ మిషనుల మందపు టేకు చెక్కను బలంగ నూకేటప్పుడు మిషను అర అంగుళం జరిగిందంటే చెక్క రంపం బిళ్లకు అడ్డం పడి ఎనుకకు ఎగుర్తది. అది పొట్టల తాకిన మనిషిని నేను చూసిన. బ్రేకు ఉండనియ్, నూకుకుంట మధ్యల ఆపుకోను అక్కరకొస్తది. పని మాత్రం కాళ్ల మీదనే.

కాళ్లకు ఖర్చు లేదు. చట్రం నాలుగు మూలల కాడ 16 ఎంఎం నట్టు వెల్డింగు చెయ్. దాంట్లకు పొడుగు బోల్టు పై నుంచి ఎక్కించి, మీద చేత్తో తిప్పే పిడి పెట్టు. కింది కొసకు మూడంగుళాల గుండ్రటి ప్లేటు, దాని అడుగుకు రైస్ మిల్లుల పాత బెల్టు ముక్క అతికించు. 16 ఎంఎం బోల్టు ఒక్క చుట్టు తిరిగితే 2 ఎంఎం దిగుతది. ప్లేటు నేలకు ఆనినంక ఇంకో రెండున్నర చుట్లు తిప్పితే మిషను 5 ఎంఎం లేచి చక్రాలు నేలను విడుస్తయి. మూడు కాళ్లు దించి, రసమట్టం టేబుల్ మీద పెట్టి రెండు దిక్కులా చూడు. మట్టం వచ్చినంక నాలుగో కాలును నేలకు ఆనేదాక మాత్రమే దించి బిగించు. దాన్ని ఎక్కువ తిప్పితే పక్క మూల ఒకటి లేస్తది. పిడి కింద ఇంకో నట్టు పెట్టి లాక్ చెయ్, లేకపోతె వణుకుకు బోల్టు దానంతటదే వదులైతది.

కాళ్ల మీద నిలబడ్డదా లేదా అని తెల్సుకునేదెట్ల? వంగి ఒక్కో చక్రాన్ని వేలితో తిప్పి చూడు. ఉత్తగ తిరగాలె. ఒక్కటి బిగుసుకొని ఉన్నా ఇంకా దాని మీద బరువున్నట్టే. పని మొదలు పెట్టే ముందు పొద్దున ఈ నాలుగు చక్రాలను తిప్పి చూసుడు మర్వకు. పిల్లగాళ్లకు ముందు నేర్పాల్సింది కూడ ఇదే, రంపం స్విచ్చు ఆ తర్వాత.

డ్రిల్లు సంగతి వేరేగ చెప్పాలె, నాకు భయం పెట్టింది అదే. దాని బరువంత తలకాయల ఉన్నది. మోటరు, పుల్లీలు, స్పిండిలు అన్నీ పైననే. కింద అడుగు చూస్తే అడుగున్నర పొడుగు, అడుగు వెడల్పు. అట్లాంటిదాన్ని తలకాయ పట్టుకొని నడిపిస్తే, ఒక పిల్లగాని కాలు జారిన రోజు అది వాని మీదనే పడ్తది. ఇప్పట్నుంచే ఆ పని మాన్పియ్. దానికి చట్రం పొట్టి పక్క రెండున్నర అడుగులకు తగ్గకుండ చెయ్. డ్రిల్లు అడుగును చట్రానికి నాలుగు బోల్టులతోని బిగించు, ఉత్తగ కూసోబెట్టకు. మూడు చక్రాలు చాలని ఎవరన్నా చెప్తే ఇనకు. మూడు చక్రాల బండి ఎగుడుదిగుడు మీద ఊగకపోవచ్చు గాని, రెండు చక్రాల నడుమ మూల దిక్కు పడిపోను దారి ఎక్కువుంటది. తలబరువున్న మిషనుకు నాలుగే. జరిపే ముందు డ్రిల్లు బల్లను కిందికి దించు, వైసు తీసి పక్కన పెట్టు. తలకాయ పట్టి నూకకు, నడుము కింద స్తంభాన్ని పట్టుకొని నూకు.

కరెంటు కాడ తొందరపడకు. కదిలే మిషనుకు గోడల నుంచి నేరుగ వైరు బిగించి ఉంటే, ఎవ్వరో ఒకరు వైరుతోని పాటే గుంజుతరు. ప్రతి మిషనుకు ప్లగ్గు, గోడకు సాకెట్టు పెట్టు. త్రీఫేజ్ మిషనుకు నాలుగు వైర్ల కేబులు రావాలె, మూడు ఫేజులకు, ఒకటి ఎర్తుకు. ఇంతదాక మిషను ఇనుప కాళ్లు నేలను తాకి ఉండె, గోడకు ఎర్తు పట్టీ ఉండె. ఇప్పుడు రబ్బరు ప్లేట్లు, పాలీయురేథేన్ చక్రాల మీద పెట్టినంక దానికి నేలతోని సంబంధం తెగినట్టే. మోటరుల కరెంటు బాడీకి తాకితే దానికి పోయే తొవ్వ ఎర్తు వైరు ఒక్కటే. అది లేకుంటె నువ్వే తొవ్వ. ప్లగ్గుల ఎర్తు వైరును మిగిలినవాటికంటె కొంచెం పొడుగు ఉంచి బిగించు. గుంజుకపోయినా అది ఆఖరుకు ఊడుతది. ఇంకో సాకెట్టుకు మార్చినప్పుడు ఫేజులు అటిటు అయి మోటరు ఉల్టా తిరుగొచ్చు. అందుకే కొత్త చోట ప్లగ్గు పెట్టినంక చెక్క పెట్టకుండ ఒక్కసారి మిషను వేసి ఆపి, రంపం సక్క దిక్కు తిరుగుతున్నదా చూడు. జరిపేటప్పుడు ఎప్పుడైనా ముందు ప్లగ్గు పీకాలె, ఆ తర్వాత కాళ్లు లేపాలె.

మిషనును గుంజకు, నూకు. గుంజేటప్పుడు అది నీ కాళ్ల మీదికి వస్తది, నీకు ఎనుక ఏమున్నదో కనపడదు. నూకేటప్పుడు దాని నుంచి తప్పుకోను నీకు జాగుంటది. నీ మడిగెకు షటరు పట్టాలున్నయి, దాని ముంగట మోరీ మీద వాలు బండ ఉన్నది. ఆ వాలు మీద ఏ మిషనునూ ఒక్కనివి దించకు. భీమ్‌గల్ దిక్కు లింబాద్రి గుట్ట జాతర్ల రథం గుంజేటప్పుడు చూసినవు కదా, తాళ్లు పట్టినోళ్లు ముందుంటరు, చక్రం పక్కన చెక్క పట్టుకొని ఒకాయన నడుస్తడు. వాలు మీద నీకు కూడ ఆ చెక్క పట్టే మనిషి కావాలె. ఒకరు పై నుంచి తాడు పట్టి, ఇంకొకరు పక్కన చెక్క ఏసుకుంట దిగాలె. మిషనుకు కింది దిక్కు ఎవ్వరూ ఉండొద్దు. వర్షం పడ్డ రోజైతే ఆ పని మరునాటికి వాయిదా ఏసుకో, రైతు ఎంత తొందర పెట్టినా సరే.

నువ్వు రేపు పెద్దగై నాలుగైదు షటర్లు పట్టే రోజు వస్తది, వస్తదని నా నమ్మకం. అప్పుడు ప్రతి మిషనుకూ చక్రాలు కొనుకుంట పోకు. గోదాములల్ల బస్తాల పలకలు జరిపే చేతి ప్యాలెట్ ట్రక్కు చూసే ఉంటవు. దాని కొమ్ములు కిందికి దించితే నేల నుంచి ఎనిమిది సెంటీమీటర్ల మీద ఉంటయి, పిడి కొట్టంగ ఇరవై దాక లేస్తయి. చాన ట్రక్కులు రెండు టన్నులకు మీదనే మోస్తయి. ప్రతి మిషను కింద పది సెంటీమీటర్ల ఎత్తు దూలాలు రెండు బిగించి పెట్టుకుంటె, ఒక్క ట్రక్కుతోనే అన్నిటినీ లేపి జరిపి దించొచ్చు. దించినంక మిషను తన దూలాల మీదనే నిలుస్తది, కింద చక్రమే ఉండదు. నాకైతే ఈ పద్ధతే ఎక్కువ ఇష్టం. కాని దానికి నేల నున్నగ ఉండాలె, తిప్పుకోను జాగుండాలె. నీ రెండు షటర్ల మడిగెల అది తిరగదు. ఇప్పటికి చట్రమే మంచిది.

ఎక్కడ మొదలు పెట్టాలె అంటవా? డ్రిల్లుతోని. వెల్డింగు పని తక్కువ, భయం ఎక్కువ ఉన్న మిషను అది. దాంట్ల చెయ్యి కుదిరినంక టేబుల్ మిషను, ఆ తర్వాత రంద మిషను చెయ్. టేబుల్ మిషనుకూ రంద మిషనుకూ కాళ్లు దించినంక రెండింటి మీది ఎత్తు ఒక్కటే వచ్చేటట్టు బోల్టులు సర్దుకుంటె, పొడుగు దర్వాజా చెక్క కోసేటప్పుడు రంద మిషను బల్లనే ఆ కొసను మోస్తది, ఒక మనిషి పట్టుకొని నిలబడే పని తప్పుతది. రంద మిషను బ్లేడ్ల మీద మూత ఏసి ఉంచు, చెక్క ఆ దిక్కు పోతున్నప్పుడు దాని ప్లగ్గు పీకి ఉండాలె. కటింగు బల్ల ఆఖరుకు చేసినా పర్వాలేదు.

యాంగిలర్ నా షెడ్డుల మిగిలినవి ఉన్నయి, కొలతలు చెప్తే కోసి పంపిస్త. చక్రాలకు పోయే ముందు డ్రిల్లు అడుగు కొలత, బోల్టు రంధ్రాల నడుమ దూరం కాయితం మీద రాసుకపో. సంక్రాంతి లోపట డ్రిల్లు, టేబుల్ మిషను రెండూ కాళ్ల మీదికి రావాలె. ఆ తర్వాత నీ ముంగట బాయిలర్లు వరుస కట్టినయంటే నీకు ఊపిరాడదు, ఇక వానకాలం దాక ఆ పని చెయ్యవు.